గాదె చెక్కల పెట్టె

పరదేశి కొట్టిన కట్టె మధ్యలో ఆరదని నూజివీడు చుట్టుపక్కల ఒక మాట ఉండేది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేల్చుకోవడం కష్టం. ఎందుకంటే ఆ కట్టె పొయ్యిలోకి కాదు, శ్మశానానికి. ఊళ్లో ఎవరైనా కన్నుమూస్తే ముందు చుట్టాలకు కబురు, ఆ వెనకే పరదేశికి కబురు. గొడ్డలి భుజాన వేసుకుని తోటలోకి పోయి, ఏ మామిడికొమ్మ ఎండిందో, ఏది సగమే ఎండిందో చూసి, కొట్టి బండికెత్తి పంపేవాడు. పచ్చికట్టె పొగచూరుతుంది. మరీ ఎండినది చిటపటమని ఊరికే బూడిదవుతుంది. రెండూ కలిపి పేర్చాలి. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టి ఆ పని అతనికే అంటగట్టారు. లోకం తీరే అంత, ఒకసారి చేసి పెట్టావంటే అది ఇక నీ పనే.

అతని పేరుకీ ఒక కథ ఉంది. తల్లికి అంతకుముందు పుట్టినవాళ్లందరూ పురిట్లోనే పోతుంటే, వీడు మావాడు కాదు, ఎవరో దారినపోయే పరదేశి అని యముడికి అబద్ధం చెప్పి ఆ పేరు పెట్టారు. యముడు నమ్మాడనీ, నమ్మి వదిలేస్తూ జీతం లేని నౌకరీ ఒకటి అప్పజెప్పాడనీ వడ్రంగి ఇన్నయ్య వేళాకోళం చేసేవాడు. పరదేశికి ఇన్నయ్య ఒక్కడే దగ్గరి స్నేహితుడు కాబట్టి ఆ మాట చెల్లింది. ఇంకెవరన్నా అని ఉంటే పళ్లు రాలేవి.

బతుకుతెరువు మటుకు తోటకాపలా. చిన్నప్పుడు లక్ష్మీనరసింహారావు గారింట్లో పాలేరు, నడుం పట్టు తప్పాక ఆయన మామిడితోటకే కాపలావాడు. పూతకి పొగ వెయ్యడం, కోతులను తరమడం, పిందె రాలితే మాట పడడం. కాయ మార్కెట్టుకి పోయేదాకా నిద్ర లేదు, పోయాక పని లేదు. ఏళ్లు గడిచేకొద్దీ నానాటికీ తీసికట్టు నాగంభొట్లు అన్నట్టయింది. మోకాళ్లు ముందు పోయాయి, ఆ తరవాత కుడిభుజం. భార్య కనకమ్మ రాత్రిపూట ఆముదం కాచి మర్దనా చేస్తుంటే, ఇక చాల్లేవే, ఈ యంత్రం అరిగిపోయింది అనేవాడు.

ఆ తోట పడమటి కొసన ఒక పెద్దరసం మామిడిచెట్టు ఉండేది. దాని మొదట్లో, మనిషి రొమ్మెత్తున, ఒక తొర్ర. ఆ తొర్ర వయసుతో వచ్చింది కాదు, పరదేశి గొడ్డలితో వచ్చింది.

అతని తమ్ముడు చిన్నయ్య నడివానల్లో జ్వరంతో పోయాడు. ఊరంతా తడిసి ముద్దయింది. ఎండుకట్టె ఎక్కడా లేదు. అందరి చావులకూ కట్టె కొట్టే మనిషి ఇంట్లోనే చావు వచ్చిందని ఎవరూ గొడ్డలి పట్టుకోవడానికి ముందుకు రాలేదు. వాళ్లకి మొహమాటం, ఇతనికి చావు. చివరికి తనే లేచి పోయి, ఆ పెద్దరసానికి సగం ఎండిన పెద్ద కొమ్మ ఒకటి ఉంటే, వానలో నిలబడి దాన్ని మొదలంటా నరికాడు. కళ్లు కనపడక వేటు ఎక్కడ పడుతోందో కూడా చూసుకోలేదు. చిన్నయ్య కాలాడు. చెట్టుకి పడిన గాయం మటుకు మానలేదు. నీళ్లు దిగి, పుచ్చి, లోపల గుల్లయింది. కొన్నేళ్లకు ఆ గుల్లలోకి పుట్టతేనె ఈగలు వచ్చి కాపరం పెట్టాయి.

అప్పటినుంచి పొద్దు వాలే వేళ పరదేశి ఆ చెట్టు దగ్గర నిలబడడం అలవాటయింది. తేనె పెద్దగా తీసేవాడు కాదు. పూత బాగా ఉన్న ఏడు అంచున ఒక ముక్క కోసుకునేవాడు, అంతే. ఆ ఈగల్ని లోపల్లోపల చిన్నయ్య ఇంటివాళ్లు అనుకునేవాడు. పైకి ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారు. కనకమ్మకి తెలుసు. ఆవిడ నవ్వలేదు.

కొత్తగా మండలాలు వచ్చిన మరుసటి ఏడు, కాయకోత అయిపోయాక, లక్ష్మీనరసింహారావు గారు తోట కొట్టించేస్తానన్నారు. ముసలి చెట్లు, కాపు తగ్గింది, కొత్త అంట్లు పెట్టాలి. అందులో తప్పు పట్టడానికేం లేదు, చెట్టు ఆయనది, నేల ఆయనది. పరదేశి తువ్వాలు చేతిలో నలుపుతూ, ఆ పడమటి తొర్రచెట్టు ఒక్కటీ ఉంచితే బాగుండునని నసిగాడు. ఒక్క చెట్టు కోసం దున్నకం ఆపుతామా అని ఆయన చిరాకుపడ్డారు గాని, మనిషి చెడ్డవాడు కాదు. కోత మిషను మనుషులు జ్యేష్ఠం చివర్లో వస్తారు, ఈలోపు నీ ఈగల్ని ఎక్కడ పెట్టుకుంటావో పెట్టుకో అని గడువిచ్చారు.

పెట్టుకోవాలంటే పెట్టె కావాలి. అలాంటి పెట్టె ఒకటి అతను నూజివీడులో వ్యవసాయశాఖ ప్రదర్శనలో చూశాడు. అడుగున సన్నటి సందు, లోపల వరసగా సన్నటి చెక్క బద్దీలు, పైన మూత. ఈగలు ఆ బద్దీలకే పట్టు కట్టుకుంటాయి. ఇన్నయ్యకి చేతులతో కొలతలు చూపిస్తే, ఇదేం బ్రహ్మవిద్య అన్నాయ్, ఒక పూట పని అన్నాడు. చెక్క ఏది అన్న దగ్గర వచ్చింది పేచీ.

ఇన్నయ్య కొట్టంలో మామిడి చెక్క గుట్టలుగా పడి ఉంది. వేసవంతా కాయల ప్యాకింగు పెట్టెలు కొట్టేది దానితోనే. అందులో ఎండిన ముక్కలు నాలుగు ఏరి ముందు పడేశాడు. పరదేశి వాటిని కాలితో కూడా తాకలేదు.

“మామిడి వద్దు.”

“ఏం, దానికేం రోగం?”

“నా చేత్తో ఎంతమందికి పేర్చానో నీకు తెలీదా? చితికెక్కే కట్టెతో ఇల్లు కడతారా ఎవరన్నా?”

ఇన్నయ్య ఆ ముక్కల్ని మళ్లీ గుట్టలోకి విసిరేశాడు. నిజమే మరి, ఆ ఊళ్లో మామిడితో గుమ్మం ఎత్తినవాడు లేడు. కాయలకు పెట్టె కట్టొచ్చు, పెళ్లిలో హోమానికి పుల్లలు వెయ్యొచ్చు, పోయినవాళ్లకు పేర్చొచ్చు. బతికున్నవాళ్ల ఇంటికి మటుకు పనికిరాదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, తోటలోనే పుట్టి తోటలోనే ముసలైన మనిషికి మామిడి కట్టెగా తప్ప ఇంకోలా కనపడలేదు.

అక్కణ్ణించి చెక్కకోసం తిరుగుడు మొదలైంది. వేపచెక్క ఇస్తానన్నారు ఒకరు. చెద పట్టదు, పురుగు ముట్టదు. పురుగు ముట్టదంటే ఈగ మటుకు ఎందుకు ముడుతుందని దాన్ని వదిలేశాడు. ఆ వేపాకు పొగతోనే కదా తేనె తీసేవాళ్లు ఈగల్ని తరిమేది. తుమ్మ గట్టిదే, కాని మేకు కొడితే బీట వేస్తుంది, పైగా ఆ బరువుకి మోసేవాడి భుజం దిగిపోతుంది. తాటిదూలం చీలిస్తే పీచు. కొత్త టేకు సంగతి అడగనే లేదు, ఎంత చెట్టుకి అంత గాలి. నూజివీడులో కోత మిల్లుకి పోయి ఒక్కో పలకనీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే, పెళ్లిచూపులకొచ్చావా తాతా అని అక్కడి కుర్రాళ్లు ఆట పట్టించారు. అతను విననట్టే ఇంకో పలక తీశాడు.

పనస మంచిదని ఎవరో చెబితే బస్సెక్కి చింతలపూడి దాకా పోయాడు. మెట్ట ఊరు, సంతరోజు, జనం. ఎండకి కళ్లు బైర్లు కమ్ముతుంటే కట్టెల అడితి వెతుక్కుంటూ పోతే, పసుపుపచ్చగా ముద్దుగా ఉన్న పలక ఒకటి చూపించారు. వేలితో తట్టి చూస్తే లోపల గుల్ల, తిప్పి చూస్తే సూదిబెజ్జాలు. పురుగు తిన్న చెక్క. మళ్లీ బస్సులో నిలబడే వచ్చాడు. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి మంచినీళ్లు కూడా అడగలేదు. కనకమ్మే చెంబు చేతికిచ్చి, పోనీ ఏదో ఒక చెక్కతో కానిచ్చెయ్యరాదూ అంది. గడువు దగ్గరపడింది. ఆషాఢం వస్తే కొత్తింట్లో అడుగు పెట్టకూడదు. ఈగలకి ఆషాఢమేంటని ఇన్నయ్య నవ్వినా, పరదేశి పట్టింపు పరదేశిదే.

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే కాబోలు. రావుగారి భార్య బుజ్జమ్మగారు ఒకరోజు కబురు పెట్టారు. ఇంటివెనక గదిలో పాత గాదె ఉంది, పీకి పట్టుకుపొమ్మని. వెనకటి రోజుల్లో ఆ గాదె నిండితేగాని సంవత్సరం గడిచేది కాదు. ఇప్పుడు ధాన్యం కళ్లంలోంచే మిల్లుకి పోతోంది, గాదె ఎలుకలకి కాపరమైంది. మామగారి హయాంలో బర్మాలోని రంగం నుంచి ఓడలో వచ్చిన టేకట. పలకలు ఇప్పటికీ గంట కొట్టినట్టు మోగుతున్నాయి.

పరదేశికి ఆ గాదె కొత్తది కాదు. పాలేరుగా ఉన్నన్నాళ్లూ ఏటా దాన్లోకి దిగి దులిపి, మందు చల్లి, బస్తాలు కుమ్మరించిన చేతులు అతనివే. ఇప్పుడు ఒక పలక ఊడదీసి లోపలివైపు చెయ్యి పెట్టి నిమిరాడు. రెండు తరాల వడ్లు జారి జారి అరచెయ్యిలాగ నున్నగా ఉంది. ముక్కు ఆనించి గాలి పీల్చాడు. పాత వడ్ల వాసన. కడుపు నిండినట్టయింది. లక్ష్మి కొలువున్న చెక్క ఇది, చావుకట్టె కాదు అనుకున్నాడు. అన్నాళ్ల తిరుగుడులో మొదటిసారి మొహం విప్పారింది. బుజ్జమ్మగారు అది చూసి, ఏంరా, ఏదో నిధి దొరికినట్టు నవ్వుతున్నావే అన్నారు.

ఇన్నయ్య ఆ పలకలు చూసి, ఇవి ఈగలకెందుకన్నాయ్, నా కూతురి పెళ్లికి మంచం చేసుకుంటా అని హాస్యమాడాడు. కోసి, కొలిచి, బయటివైపు చిత్రిక పట్టాడు. లోపలివైపు కూడా ఒక పొర తీసేస్తే శుభ్రంగా ఉంటుందని పలక తిరగేశాడు.

“లోపల ముట్టుకోకు,” అన్నాడు పరదేశి. “ఆ వాసన ఉండనీ. వాటికి తిండిగింజల ఇల్లులా ఉంటుంది.”

ఇల్లు కట్టుకునేవాడి ముచ్చట, మనకెందుకని ఇన్నయ్య చిత్రిక పక్కన పెట్టేశాడు.

అమావాస్య ముందు సాయంత్రం ఈగల్ని దింపారు. పిడక మీద కొబ్బరిపీచు వేసి పొగ పెట్టి, తొర్రలోకి చెయ్యి దూర్చి, పిల్లలున్న పట్టు ఒక్కొక్కటే కోసి, అరటినారతో బద్దీలకు కట్టాడు. ఆ చేతికి ఈగలు మోచేతిదాకా తొడుగులా పట్టాయి. కుట్టినవి కుట్టాయి. అతనికవి లెక్కలేదు. పొడుగుపాటి రాణి ఈగ బద్దీ మీదికి నడిచి రావడం చూశాక ఇన్నయ్యకి సైగ చేశాడు, మూత పెట్టారు. మిగిలినవి సందులోంచి వాటంతట అవే లోపలికి పోయాయి. పెట్టె మోసుకొచ్చి ఇంటి తూర్పువైపు, వాడకం లేని గాడిపొయ్యి గట్టు మీద పెట్టాడు. కనకమ్మ గడపకి పెట్టినట్టు దాని ముందు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ రోజు అన్నం తింటూ పరదేశి రెండోసారి వడ్డించమన్నాడు. ఈ మధ్యకాలంలో అలా అడిగింది లేదు.

మర్నాడు తోటలోకి కోత మిషను మనుషులు దిగారు. ముసలి చెట్లు ఒకదాని వెనక ఒకటి ఒరిగాయి. పెద్దరసం పడినప్పుడు పరదేశి అక్కడే ఉన్నాడు. పోనీలే, ఖాళీ ఇల్లేగా కూలింది అని సర్దుకున్నాడు.

ఆ సాయంత్రమే పెట్టె ముందు ఈగలు నేల మీద పాకుతూ కనిపించాయి. కొత్తచోటు, దారి తెలియక అనుకున్నాడు. తెల్లారేసరికి ఇంకా ఎక్కువయ్యాయి. ఎగరబోయి పల్టీ కొట్టి, వెల్లకిలా పడి గిలగిల కొట్టుకుంటున్నాయి, చలిజ్వరం వచ్చినవాళ్లలాగ రెక్కలు వణుకుతున్నాయి. బెల్లం నీళ్లు ఆకులో పోసి దగ్గర పెట్టాడు. ముట్టలేదు. నీడ చాలదేమోనని తాటాకు కప్పాడు. చీమలేమోనని గట్టు చుట్టూ బూడిద పోశాడు. రోగమేదో తెలియని వైద్యుడిలాగ ఆ పెట్టె చుట్టూ తిరిగాడు. ఆ మరుసటి పొద్దున చెవి ఆనిస్తే లోపల చప్పుడు లేదు.

మూత తీశాడు. అడుగంతా గుట్టగా ఈగలు. పట్టు మీద పిల్లలు పిల్లలుగానే ఉండిపోయాయి. గుట్టలోంచి వేలితో జరిపి జరిపి చూస్తే రాణి ఈగ కూడా కనిపించింది, కాళ్లు ముడుచుకుని. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత పెట్టె వంచి, అడుగు తుడిచాడు. చెక్క లోపలివైపు, పలకకీ పలకకీ మధ్య పగుళ్లలో, గోటికి బూడిదరంగు పొడి ఏదో తగిలింది. గోరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

గమాక్సిన్.

వడ్లకు ముక్కపురుగు పట్టకుండా ఏటా గాదెలో చల్లే పొడి. ఇంకెవరో చల్లింది కాదు. డబ్బా చంకన పెట్టుకుని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, మూల మూలకీ గుప్పిళ్లతో కొట్టింది తనే. బాగా పట్టాలని చెక్క సందుల్లోకి వేలితో తోసింది కూడా తనే. అయ్యగారు మెచ్చుకునేవారు, పరదేశి మందు కొడితే గాదెలో పురుగన్న మాట ఉండదని. ఆ వాసన ఏళ్ల తరబడి వడ్ల వాసనతో కలిసిపోయి, అతని ముక్కుకి రెండూ ఒకటే అయిపోయాయి. ఇన్నయ్య చిత్రిక పడతానంటే వద్దన్నది కూడా ఈ నోరే.

కనకమ్మ వచ్చి ఏమైందంది. గోరు చూపించాడు. ఆవిడా పొలాల్లో పెరిగిన మనిషే, వాసన చూడగానే అర్థమైంది. తల కొట్టుకోలేదు, తిట్టలేదు. చీపురు తెచ్చి ఈగల్ని ఊడవబోతే, వద్దు, నేను తీస్తాలే అన్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే దాచుకోలేదు. ఆమె ముందు దాచుకునేదేముంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా తీరిక దొరకలేదు. అప్పుడే వీధిలోంచి కేక. ఎగువ బజారు ముసలావిడ ఒకామె తెల్లవారుజామున పోయింది, కట్టె కావాలి, బండి తోటలోకి పంపాం. పరదేశి చేతులు కడుక్కుని గొడ్డలి తీశాడు. ఇవాళ ఒంట్లో బాగాలేదని చెప్పమని కనకమ్మ అంది. చావుకి చెబుతామా అని అతను బయలుదేరాడు.

తోటంటే ఏం మిగిలింది, మొదళ్లు తప్ప. దుంగలన్నీ మిల్లుకి పోయాయి. మిల్లువాళ్లు గుల్ల అని ఏరి పారేసిన దుంగ ఒక్కటి పడమటి కొసన పడి ఉంది. బండి తోలుకొచ్చిన వీరయ్య దాని పక్కనే ఎడ్లు ఆపి, శ్రమ లేకుండా దొరికిందయ్యా, సగం ఎండిన దుంగ, లోపల గుల్ల కాబట్టి బాగా అంటుకుంటుంది, ఒక చెయ్యి వెయ్యి ఎత్తేద్దాం అన్నాడు.

పరదేశి వంగబోయి ఆగాడు. తొర్ర అంచున ఈగలు. నలుసంత గుంపు, గుప్పెడుంటాయేమో. పెట్టె నచ్చక వచ్చేశాయో, దింపిన సాయంత్రం మేతకు పోయి ఇల్లు తప్పినవో తెలియదు. కూలిపోయిన ఇంటినే వెతుక్కుంటూ వచ్చి, ఆ మామిడి తొర్రలోకే పోతున్నాయి, వస్తున్నాయి.

చావుబండి మీద కట్టె ఒకసారి పడిందంటే మళ్లీ దించకూడదు, అది పోయినవాళ్లదే. ఆ సంగతి పరదేశి కన్నా బాగా తెలిసినవాడు ఆ ఊళ్లో లేడు. అందుకే వీరయ్య రెండో కొసన చెయ్యి వేసేలోపే పోయి ఆ దుంగ మీద కూర్చున్నాడు.

“ఇదివ్వను.”

“అదేంటి? అవతల శవం లేవాలి. నువ్వే ఇలాగంటే ఎలాగయ్యా?”

“ఆమెకి నేను వేరేది కొడతాను. బండెడు కొడతాను. ఇది మాత్రం ఇవ్వను.”

ఇన్నేళ్లలో చావుకట్టెకి పరదేశి కాదన్నది అదే మొదలు. పరదేశి లేచి, గట్టు మీద మిగిలిన కొమ్మలు ఏరి, ఆ పాడైపోయిన భుజంతోనే ఒక్కొక్క వేటూ వేశాడు. మధ్యమధ్య గొడ్డలి ఆనించి నిలబడ్డాడు. ఎండూ పచ్చీ ఎంత ఉండాలో అంతా కొట్టి బండి నింపి పంపించాడు. ముసలావిడకి ఏ లోటూ రానివ్వలేదు.

ఆ తరవాత ఇన్నయ్యని పిలుచుకొచ్చాడు. తొర్ర పైనా కిందా రంపంతో కోసి, ఆ ముక్కకి తాడు కట్టి ఇద్దరూ మోసుకొచ్చారు. ఇన్నయ్య దారిపొడుగునా ఒక్క వేళాకోళమైనా ఆడలేదు. రాణి లేని ఈగలు ఎన్నాళ్లో బతకవు. ఆ సంగతి పరదేశికి తెలుసు. వచ్చే పూతకి ఏ గుంపైనా ఇల్లు వెతుక్కుంటూ ఇటు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఆ పెట్టె పలకల్ని లోతుగా గొయ్యి తీసి పూడ్చిపెట్టాడు, పొయ్యిలోకి కూడా రానివ్వలేదు.

కనకమ్మ మట్టీ పేడా కలిపి తెచ్చిస్తే, దుంగ రెండు కొసలూ మూసి చూరుకింద వేలాడదీశాడు. ఆవిడ దానికేసీ మొగుడికేసీ చూసి, మామిడికట్టె ఇంటికి పనికిరాదన్నావుగా అంది. ఎగతాళికి కాదు, ఊరికే అంది.

పరదేశి గోడకి చేరగిలబడి మోకాళ్లు నెమ్మదిగా చాపుకున్నాడు. తొర్రలోకి ఒక ఈగ పోయింది. కాసేపటికి ఇంకొకటి.

“అవి వచ్చిందగ్గర్నుంచీ మామిడిలోనే ఉన్నాయి కనకా. నాకే కనపళ్లేదు,” అన్నాడు. “నేను పోయినప్పుడు ఏ కట్టె దొరికితే ఆ కట్టె వెయ్యండి. దీన్ని మాత్రం వెయ్యకండి.”